బావర్చీ చిట్టీ

నలభై ఆరేళ్ల వయసులో జావా నేర్చుకుంటున్నానంటే మా మొహల్లాలో నవ్వనివాళ్లు లేరు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రిక డెస్క్ మీద వార్తలు దిద్దుకుంటూ సగం జిందగీ గడిపినవాణ్ని. "ఇప్పుడెందుకు భాయ్ ఈ తక్లీఫ్?" అని ఎవరైనా అడిగితే "షౌక్" అని చెప్పేవాణ్ని. అది ఝూట్. అసల్ సంగతి తర్వాత చెప్తా.

నా ఉస్తాద్ మా పెద్ద బేటీ. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆమె దగ్గర నేర్చుకుని నేను రాసిన మొదటి ప్రోగ్రామ్, లాప్‌టాప్‌లో మోగే సహరీ అలారం. ఏ రోజుకారోజు ఫజర్ వక్త్ లెక్కగట్టి, గంట ముందు లేపుతుంది. రంజాన్ అంతా బాగానే మోగింది. ఆఖరి రోజా నాడు మోగలేదు.

కారణం చిన్నదే. జావాలో 2014 నుంచి హిజ్రీ తారీఖు తయారుగా దొరుకుతుంది. నేను అదే వాడాను. అది నడిచేది సౌదీ వాళ్ల ఉమ్ముల్ ఖురా కేలండర్ ప్రకారం. మన దగ్గర చాంద్ కనిపిస్తేనే ఈద్. దాని లెక్కలో ఆ రోజు ఈద్, మనకి ఇంకో రోజా మిగిలే ఉంది. అలారం మీద భరోసాతో ఎవరం లేవలేదు. అమ్మీకి షుగర్. సహరీ లేదు, మాత్రా లేదు. "ఈ ఒక్కటీ వదిలెయ్ అమ్మీ" అంటే వినలేదు. అసర్ వేళకి కళ్లు తిరిగి, గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ గోడ పక్కనే నా లాప్‌టాప్ ఉంది. దాన్ని చూడబుద్ధి కాలేదు.

ఈద్ మర్నాడు బేటీ నా కోడ్ తెరిచింది. "అబ్బా, తారీఖు తప్పడం ఒక గల్తీ. ఆ తారీఖుని బయటి నుంచి మార్చే దారి లేకపోవడం దానికంటే పెద్ద గల్తీ. మీ అలారం గడియారాన్ని తనే తెచ్చుకుంటోంది, కేలండర్‌ని తనే తెచ్చుకుంటోంది. ఇంకొకటి ఇద్దామంటే తీసుకోదు."

నాకు సమఝ్ కాలేదు. అప్పుడామె అడిగింది, "మామూ షాదీకి వచ్చిన బావర్చీ గుర్తున్నాడా?"

ఎందుకు గుర్తులేడు! నాలుగు రోజుల ముందే చిట్టీ పంపాడు. ఇన్ని కిలోల బియ్యం, ఇంత గోష్త్, పెరుగు, ఉల్లిగడ్డలు, రెండు దేగులు, కట్టెలు. ఏ దుకాణంలో కొన్నామన్నది అతనికి అనవసరం. చిట్టీలో ఉన్నవి చేతికొస్తే దమ్ పెడతాడు. అదే బావర్చీ "సామానంతా ఫలానా దుకాణంలో నేనే తెచ్చుకుంటా" అన్నాడనుకోండి, ఆ దుకాణం మూతపడ్డ రోజు షాదీఖానాలో అందరూ పస్తే. ఇంకో మాట. అతని చెయ్యి ఎలాంటిదో ముందే చూడాలంటే ఇంటికి పిలిచి, కిలో బియ్యం, చిన్న దేగ్చా ఇస్తే సరి. వెయ్యి మంది వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ప్రోగ్రాముల్లో ఈ పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. మార్టిన్ ఫౌలర్ అనే రచయిత 2004 జనవరిలో రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. పేరు భారీగా ఉంది గానీ మతలబ్ చిట్టీయే. ఒక క్లాస్ తనకేం కావాలో కన్‌స్ట్రక్టర్‌లో రాసి పెడుతుంది. ఇచ్చే జిమ్మేదారి బయటివాళ్లది.

మొదట చేత్తోనే చేయించింది బేటీ. అలారం కన్‌స్ట్రక్టర్‌లో మూడు రాశాను: గడియారం, కేలండర్, వక్త్‌ల లెక్క. కేలండర్లు రెండు రకాలు చేశాను. ఒకటి పాత ఉమ్ముల్ ఖురా, రెండోది ఇక్కడ చాంద్ ఏలాన్ అయ్యాక మేం ఎక్కించే తారీఖు. ఏది ఇవ్వాలో ప్రోగ్రామ్ మొదలయ్యే చోట ఒక్క లైను చెప్తుంది. తర్వాత అయిదు పూటల వక్త్‌లూ చేర్చినప్పుడు దీని ఫాయిదా ఇంకా తెలిసింది. అసర్ లెక్క హనఫీలకొకటి, షాఫయీలకొకటి. మధ్యాహ్నపు నీడ తీసేశాక, వస్తువు నీడ దాని ఎత్తుకి రెట్టింపు అయినప్పుడు హనఫీ అసర్, సమానమైనప్పుడే షాఫయీ అసర్. మాకొకటి, బర్కస్‌లో ఉండే దోస్త్‌కి ఇంకొకటి ఇచ్చాను. అలారం క్లాస్‌లో ఒక్క అక్షరం మారలేదు.

క్లాసులు పెరిగేకొద్దీ ఈ అందించే పనే పెద్దదవుతుంది. దీనికి ఇది కావాలి, దానికి మరొకటి కావాలి. ఆ పని చేసిపెట్టే తేలికైన సాధనం ఒకటి బేటీ చూపించింది. గూగుల్‌లో బాబ్ లీ మొదలుపెట్టింది, 2007లో బయటికొచ్చింది. జి, యు, ఐ, సి, ఇ అని రాసి 'జ్యూస్' అని పలుకుతారు. 'ఖ్వాబ్'లో వావ్ రాసి మింగేసే ఉర్దూ మీడియం వాణ్ని, నాకిదేం అజీబ్ కాదు. అంతకుముందు ఇలాంటివాటికి పేజీలకు పేజీలు ఎక్స్ఎంఎల్ రాసేవారట. ఇందులో మామూలు జావాలోనే 'కేలండర్ అడిగితే ఇది ఇవ్వు' అని ఒక మాడ్యూల్‌లో కడతాం, కన్‌స్ట్రక్టర్ మీద 'ఇంజెక్ట్' అని గుర్తు పెడతాం. కట్టడం మర్చిపోయామా, ప్రోగ్రామ్ మొదలుపెట్టగానే ఫలానాది దొరకలేదని గోల చేస్తుంది. సహరీ దాకా ఆగి దగా చేయదు. "అయితే అబ్బా, మీ అయిదారు క్లాసులకి చెయ్యే చాలు" అని కూడా చెప్పింది బేటీ.

ఒకరోజు నేను తొందరలో కన్‌స్ట్రక్టర్ తీసేసి, ఆ 'ఇంజెక్ట్' గుర్తుని లోపలి ఫీల్డుల మీద పెట్టాను. అదీ నడుస్తుంది, రాయడం తక్కువ. బేటీకి నచ్చలేదు.

"చూడండి అబ్బా, బయటికి దీనికేం అక్కర్లేనట్టుంది. లోపల అన్నీ కావాలి. ఏం కావాలో దాచిపెట్టేదాన్ని ఎవరు నమ్మాలి?"

ఆమె కోడ్ గురించే అంది. నాకు మాత్రం ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టయింది.

అసల్ సంగతి ఇది. ఆరు నెలల ముందే నా నౌకరీ పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చునేవాణ్ని. ఒకటో తారీఖున దోస్త్‌ల దగ్గర ఖర్జా తెచ్చి, జీతమని బేగం చేతిలో పెట్టేవాణ్ని. దానికి ఖుద్దారీ అని పేరు పెట్టుకున్నాను.

ఆ రాత్రి బేగంకి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సరుకుల నోట్‌బుక్, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "ఏమేం కావాలో రాయండి. ఖర్జాతో సహా." రాశాను. కిరాయి, బేటీ ఫీజు, అమ్మీ మందులు, ముగ్గురు దోస్త్‌ల పేర్లు. చదివి, కింద తను ఒక లైను రాసింది: 'కుట్టు మెషీన్ రిపేరు.' బయటివాళ్ల బట్టలు కుడతానని ఎన్నేళ్లుగానో అడుగుతోంది. ఇజ్జత్ పేరు చెప్పి ఆపింది నేనే.

మెషీన్ ఇప్పుడు నడుస్తోంది. ఖర్జాలో సగం తీరింది. జావాతో నాకు నౌకరీ వస్తుందో రాదో గానీ, అలారం మాత్రం బాగైంది. జావాలో ఆపేసిన గడియారం ఒకటి ఉంటుంది. ఏ ఘడియ చెప్తే ఆ ఘడియ దగ్గరే నిలబడుతుంది. దాన్ని చేతికిచ్చి, ఆఖరి రోజా సహరీ దగ్గర నిలబెట్టి, మొన్న పగలు పదకొండింటికి నడిపించాను. ఠక్కున మోగింది. లోపలి గదిలోంచి అమ్మీ, "వక్త్ అయిందా బేటా?" అంది.

ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఉర్దూలోకి తర్జుమా పని మీ ఎరుకలో ఉంటే చెప్పండి. ప్రూఫులైనా దిద్దుతాను. ఇదీ నా చిట్టీ.