పిల్లలే పని ఎంచుకొనే వేసవి శిబిరం

వైద్యవృత్తి నుండి విశ్రాంతి తీసుకొన్న తరువాత, గత మూడు వేసవులుగా రాజమహేంద్రవరంలో ఒక పగటి శిబిరానికి వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. కొందరు విశ్రాంత ఉపాధ్యాయులు ఒక పాఠశాల ఆవరణలో మే నెలంతా దీనిని నడుపుతారు. ఉదయం 7 గంటల నుండి మధ్యాహ్నం 12 వరకు సుమారు 60 మంది పిల్లలు అక్కడ ఉంటారు. గాయాలకు కట్లు కట్టడం, ఎండ వలన అలసినవారిని చూడడం నా పని.

ఈ శిబిరంలో గంటకొక పాఠం చొప్పున పట్టిక లేదు. వసారాలోని నల్లబల్లపై ఆ రోజు చేయదగిన పనుల పేర్లు ఉంటాయి. మట్టిబొమ్మలు, తాటాకు అల్లిక, చదరంగం, అష్టాచెమ్మా, కుట్టుపని, సైకిలు మరమ్మతు, నాటకం, నిప్పు లేని వంట, కథల పుస్తకాలు మొదలైనవి. ప్రతి పేరు ప్రక్కన ఎనిమిది గళ్ళు. పిల్లలు తమ పేరును తామే సుద్దముక్కతో వ్రాసుకోవాలి. గళ్ళు నిండితే మరొక పని చూసుకోవాలి. మరునాడు మార్చుకోవచ్చు. చివరి వరుసలో ‘ఏమీ వద్దు’ అని కూడా ఉంటుంది. తల్లిదండ్రులకు నచ్చనిది ఆ వరుసే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1956లో నెహ్రూ గారి చొరవతో ఢిల్లీలో వెలసిన జాతీయ బాలభవన్, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవన్ పరీక్షలు, మార్కులు లేకుండా పిల్లలు నచ్చిన కళ నేర్చుకొనడానికి ఏర్పడినవే. ఇప్పటి శిబిరాలలో ఎంపిక చాలావరకు పెద్దలది. అబాకస్, వేదగణితం, స్పోకెన్ ఇంగ్లీషు, ఆరవ తరగతికే ఐ.ఐ.టి. ఫౌండేషన్. అవి చెడ్డవని నేననను. కాని సంవత్సరంలో పది నెలలు ఎవరో చెప్పిన పని చేసే పిల్లవానికి తనకేది కావాలో తెలుసుకొనే అవకాశం ఇంకెప్పుడు వస్తుంది?

క్రిందటి వేసవిలో వచ్చిన ఒక పదేళ్ళ బాలుని గురించి, వాని తల్లి అనుమతితో వ్రాస్తున్నాను. బడి ఉన్న రోజులలో వారానికి నాలుగైదు మార్లు వానికి బొడ్డు చుట్టూ నొప్పి వచ్చేది. రక్తపరీక్షలు, కడుపు స్కానింగు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. బరువు తగ్గడం, ఎదుగుదల మందగించడం, నిద్ర నుండి లేపే నొప్పి, పదేపదే వాంతులు, మలంలో రక్తం, విడవని జ్వరం ఉన్నాయేమోనని నేనూ అడిగి చూశాను. ఏదీ లేదు. దీనిని ఫంక్షనల్ కడుపునొప్పి అంటారు. పరీక్షలలో ఏమీ కనిపించకపోయినా నొప్పి నిజమైనదే, నటన కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నాడుల ద్వారా సాగే సంకేతాలు కొందరిలో అతిసున్నితంగా ఉంటాయి. ఆందోళన ఆ నొప్పిని హెచ్చిస్తుంది.

రెండు రోజులు వాడు ‘ఏమీ వద్దు’ వరుసలోనే పేరు వ్రాసి వేపచెట్టు క్రింద కూర్చొన్నాడు. “డబ్బు కట్టి పంపిస్తే ఊరికే కూర్చొంటున్నాడటండీ! మీరైనా ఏదో ఒకదానిలో వేయండి డాక్టరు గారూ,” అని తల్లి వచ్చి అడిగారు. “ఇంకొక రెండు రోజులు చూద్దామమ్మా,” అన్నాను.

మూడవ రోజు వాడు గేటు బయట ముంజలమ్మే ఆమె పారవేసిన బుర్రలు నాలుగు ఏరుకొని వచ్చాడు. ముంజల బండి చేయాలని వాని ఆలోచన. రెండు బుర్రలకు చిల్లులు పొడిచి ఇరుసుగా పుల్ల గుచ్చి, చీలిన కొమ్మతో దానిని తోయాలి. చెప్పడానికి తేలికే. చిల్లు పెద్దదైతే చక్రం ఊగుతుంది, చిన్నదైతే బుర్ర చీలుతుంది. నాలుగుసార్లు చెడింది. ఎవరూ వచ్చి చేసిపెట్టలేదు. అది అక్కడి నియమం. పాటించడం పెద్దలకే కష్టం. ఆరవ రోజు ఉదయం వాడు మాస్టారి దగ్గరకు వెళ్ళి, బల్లపై ‘ముంజల బండి’ అని ఒక వరుస వ్రాయమన్నాడు. పది నిమిషాలలో ఎనిమిది గళ్ళూ నిండాయి.

ఒక దాత మంచి బండికి బహుమతి ఇస్తామన్నారు. నేను వద్దన్నాను. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలపై జరిపిన పరిశోధనను ప్రకటించారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగా చెప్పి, ఇచ్చిన పిల్లలు తరువాతి రోజులలో మిగిలిన పిల్లలు గీసిన కాలంలో సగమే గీశారు. ఆ దాత సహృదయులు. ఆ సొమ్ముతో రోజూ అందరికీ మజ్జిగ పోయించారు.

ఎండ విషయంలో మాత్రం పిల్లలకు ఎంపిక లేదు. 10 గంటల తరువాత మైదానంలో పరుగులు లేవు. ఆటలాడేవారు ప్రతి 20 నిమిషాలకు ఒక చిన్న గ్లాసు నీరు త్రాగవలసినదే. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉంటే నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, ఓ.ఆర్.ఎస్. ఇస్తాము. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీళ్ళు పోస్తూ, విసరుతూ ఆసుపత్రికి తరలించాలి.

ఆ నాలుగు వారాలలో బాలునికి నొప్పి వచ్చినది రెండుసార్లే. దీనిని శిబిరం ఘనతగా చెప్పలేను. బడి లేకపోవడమే సగం కారణం కావచ్చు.

చివరి రోజున తండ్రి వచ్చి, జూన్‌లో ఫౌండేషన్ విభాగంలో వేయమంటారా, మామూలు విభాగంలోనా అని నన్ను అడిగారు. “వాడిని అడిగారా?” అన్నాను. దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. ప్రక్కనే ఉన్న వాడు, తన స్నేహితుడు అందులోనే ఉన్నాడు కనుక ఫౌండేషనే కావాలన్నాడు. ఆదివారం క్లాసు మాత్రం వద్దన్నాడు! నేను ఊహించిన జవాబు అది కాదు. నొప్పి వచ్చిందా అని రోజూ అడగవద్దనీ, కొద్దిపాటి నొప్పికి బడి మాన్పించవద్దనీ, రాత్రి తొమ్మిది గంటల నిద్ర తగ్గనీయవద్దనీ వారికి చెప్పాను.

జూన్ నెలాఖరున తల్లి ఫోను చేశారు. నొప్పి మూడుసార్లు వచ్చిందట, బడి మానలేదట. ఆదివారం క్లాసు గురించి ఇంట్లో ఇంకా వాదన నడుస్తోందట. బరువు చూడడానికి ఒకసారి తీసుకొని రమ్మన్నాను.