కిందపడ్డ తరువాత

మా అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు. వాడికి నామీద గౌరవం లేకపోలేదు గాని, ఛందస్సు దాటితే నాకేమీ తెలియదని గట్టి నమ్మకం. మొన్న ఆదివారం నేను పడక కుర్చీలో పత్రిక తిరగేస్తూ వుంటే వచ్చి, "నాన్నా! సుమో వస్తాదులు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి దిగితే నెగ్గగలరా?" అని అడిగాడు.

"నెగ్గక? ఆ కొండల్ని కదిలించేవాడెవడురా?" అన్నాను.

"అయితే ఇది చూడు" అని ఫోను చేతికిచ్చాడు.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వరు నగరంలో జరిగిన మొట్టమొదటి యు.ఎఫ్.సి. పోటీ అది. ఒకవైపు హవాయివాడు టీలా తూలీ. ఒకప్పటి సుమో వస్తాదు, 180 కిలోలకు పైబడ్డ మనిషి. రెండోవైపు హాలండు దేశస్థుడు గోర్డో, బరువులో ఇంచుమించు సగం. తూలీ ఏనుగులా మీదికి వురికాడు. గోర్డో వెనక్కు జరిగి తప్పుకున్నాడు. తూలీ కంచె దగ్గర కూలబడ్డాడు. లేచేలోగానే ముఖంమీద తన్ను పడింది, పన్ను ఎగిరిపోయింది. 26 సెకన్లలో పోటీ ముగిసింది.

మావాడు పకపక నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

ఆ సాయంత్రం ఇద్దరమూ కూర్చుని అకెబోనో పోటీలు చూశాము. ఈయనా హవాయిలోనే పుట్టాడు. 1993లో సుమోలో అత్యున్నత పదవి అయిన యోకొజునా అందుకున్న మొదటి విదేశీయుడు. పదకొండు బిరుదులు గెలిచి, మోకాళ్లు పాడై 2001లో విరమించాడు. 2003 డిసెంబరు 31న కిక్ బాక్సింగు గోదాలోకి దిగి, బాబ్ సాప్ చేతిలో మొదటి రౌండులోనే పడిపోయాడు. మరుసటి ఏడు అదే రోజున, ఒసాకాలో, రాయిస్ గ్రేసీతో తలపడ్డాడు. గ్రేసీ బరువు 80 కిలోలకు అటూయిటూ. అకెబోనో 200 కిలోలు దాటినవాడు. అకెబోనో పైన వున్నాడు, గ్రేసీ కింద వెల్లకిలా వున్నాడు. మన కళ్లకు ఎవరు గెలుస్తున్నట్టు? కిందివాడే పైవాడి చెయ్యి మెలిపెట్టి, రెండు నిమిషాల పదమూడు సెకన్లకు ఓటమి ఒప్పించాడు!

సుమో గోదా 4.55 మీటర్ల వలయం. అందులోంచి బయట కాలు పెట్టినా, అరికాళ్లు తప్ప ఒంట్లో మరేది నేలకు తగిలినా ఓడినట్టే. పోటీలు చాలావరకు కొన్ని సెకన్లలో తేలిపోతాయి. పిడికిలితో గుద్దరాదు. అంటే పదిహేనేళ్ల ప్రాయంలో చేరిన పిల్లవాడు కొన్ని వేల పోటీలలో ఒకే పాఠం వంటబట్టించుకుంటాడు: కింద పడకు, పడితే కథ ముగిసింది. ఈ కొత్త యుద్ధంలోనో, కథ కింద పడ్డాకనే మొదలవుతుంది. అయిదేసి నిమిషాల రౌండ్లు మూడు. బలం చాలక కాదు తూలీ ఓడింది. పడ్డ తరువాత ఏం చెయ్యాలో ఆ ఒంటికి ఎవరూ నేర్పలేదు.

తెలుగు మాస్టారిని కనుక భారతం గుర్తుకు రాక తప్పదు. గదాయుద్ధంలో నాభికి దిగువ కొట్టరాదు. దుర్యోధనుడు ఆ నియమాన్ని నమ్ముకున్నాడు. దెబ్బ తొడమీద పడింది.

ఇంకొక చిక్కు వుంది. సుమోలో వుండగా ఇతర పోటీలకు పోకూడదు. విరమించి జుట్టుముడి కత్తిరించుకున్నాక మళ్లీ సుమోకి రాకూడదు. అందుచేత కొత్త గోదాలోకి వచ్చేవారు చాలామంది మోకాళ్లు అరిగి, వయసు మీరి వచ్చినవారే. తలుపు ఒకవైపుకే తెరుచుకుంటుంది.

ఇప్పుడు నాకెందుకు నవ్వు రాలేదో చెబుతాను. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో పద్యం చెప్పినవాణ్ణి. ఈ యేడు తెలుగు చదివే పిల్లలు తగ్గారని, నన్ను ఇంజనీరింగు విద్యార్థులకు సంభాషణా నైపుణ్యం చెప్పమన్నారు, అదీ ఇంగ్లీషులో. మొదటి రోజున, పద్యం చదివే గొంతుతోనే మొదలుపెట్టాను. మూడో వాక్యంలో క్రియ తప్పింది. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. అంతే, నేను ఆగిపోయాను. తప్పు పలికితే పంతులు ఓడినట్టేనని నా ఇరవై రెండేళ్ల అలవాటు! గంట కొట్టేదాకా బల్లవైపు తిరిగి ఏదో రాస్తూ గడిపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాజీనామా కాగితం మాత్రం రాసి సొరుగులో దాచాను.

"మరి ఒక్కడూ నెగ్గలేదట్రా?" అని మావాణ్ణి అడిగాను. నా గొంతులో ఏం వినిపించిందో, వాడు నవ్వడం మానేశాడు.

బరూతోను చూపించాడు. ఎస్టోనియావాడు, సుమోలో యోకొజునాకు ఒక మెట్టు కింద వుండే ఓజెకీ దాకా ఎక్కాడు. 2015 డిసెంబరు 31న పీటర్ ఆర్ట్స్ అనే పేరుమోసిన కిక్ బాక్సరును మిశ్రమ యుద్ధంలో ఓడించాడు. మరుసటి ఏడు చివర క్రోకాప్ మోకాటిపోటుకు ఓడాడు, అది వేరే మాట. సుమోకి ముందే స్వదేశంలో జూడో నేర్చినవాడు; నేల అతనికి కొత్త కాదు. సుమో ఇచ్చిన తోపునూ, పట్టునూ వదిలిపెట్టలేదు. అకెబోనో మాత్రం? ఆయనకు తగిన గోదా వినోదపు కుస్తీలో దొరికింది. 2013లో ఆల్ జపాన్ వారి ట్రిపుల్ క్రౌను గెలిచాడు. 2024లో కన్నుమూశాడు.

"నెగ్గగలరురా. వయసుండగా రావాలి, కింద పడ్డం నేర్చుకోవాలి" అని తీర్పు చెప్పాను.

"వయసు మీరి వస్తేనో?" అన్నాడు వాడు.

"అప్పుడు పడ్డం మరీ బాగా నేర్చుకోవాలి."

సోమవారం తరగతిలో మళ్లీ తప్పు పలికాను. మళ్లీ కిసుక్కుమన్నారు. ఈసారి బల్లవైపు తిరగలేదు. "దాన్నెట్లా అనాలయ్యా?" అని ఆ నవ్వినవాణ్ణే అడిగాను. వాడు తడబడుతూ లేచి చెప్పాడు. నేను బల్లమీద రాశాను. తరువాత వాడి వాక్యంలో ఇంకొకడు మరో తప్పు పట్టాడు. తరగతంతా మాట్లాడడం మొదలుపెట్టింది.

గంట కొట్టడానికి ఇంకా అరగంట వుంది.