కరువు ఏడాది కాల్వ మీద

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద చాలాకాలం అసిస్టెంట్ ఇంజినీరుగా (ఏఈ) పనిచేశాను. జలాశయం 590 అడుగులకు నిండిన ఏడాది మా ఉద్యోగం ఎవరికీ గుర్తుండదు. 2015లో కృష్ణకు వరద రాలేదు. నీటిమట్టం 510 అడుగుల కిందికి పోయింది. మిగిలిన కాసిని నీళ్లూ హైదరాబాద్‌కు, కాల్వ వెంట ఊళ్లకు తాగడానికే సరి.

అసలు నీళ్లు లేని ఏడాది కన్నా అరకొరగా ఉన్న ఏడాదే మాకు కష్టం. అప్పుడు ‘ఆన్ అండ్ ఆఫ్’ పెడతారు. కొన్నాళ్లు కాల్వ నిండుగా పారించి, కొన్నాళ్లు కట్టేయడం. ‘‘రోజూ కొంచెం కొంచెం ఇడిస్తే ఏం పాయె సారూ?’’ అని ప్రతి ఊళ్లో అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాల్వ పల్చగా పారితే చాలా తూముల మట్టానికి నీరందదు. అందినచోట ఎగువ వాళ్లే పెట్టుకుంటారు, మిగిలింది మట్టి కాల్వల్లో ఇంకిపోతుంది. చివరి భూములకు చేరాలంటే మేజరు కాల్వ నిండుగా పారాలి, పై తూములు మూసి ఉండాలి.

ఆ మూయడమే అసలు పని. షట్టరు దించి తాళం వేసినా అడుగు సందులోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. కాల్వ కాపలా చూసే లష్కర్లు నడుములోతు నీళ్లలో దిగి, గోనెసంచుల్లో మట్టి కూరి, కాళ్లతో తొక్కి ఆ సందు పూడ్చేవాళ్లు. తెల్లారి చూస్తే ఆ సంచులు గట్టు మీద ఉండేవి. అందుకే రాత్రి గస్తీ. దిగువ గేజి మీద మట్టం కాస్త తగ్గితే చాలు, పైన ఏ తూము లేచి ఉంటుందో పాత లష్కరు కూర్చున్నచోటు నుంచే చెప్పేవాడు. అలాంటి మనిషి రిటైరైతే ఎన్ని కొత్త గేట్లు బిగించినా ఆ లోటు తీరదు.

తాగునీళ్లకు వదిలిన రోజులు మరీ నరకం. పాలేరు జలాశయం నిండాలి, ఊరి చెరువులు నిండాలి, పొలాల తూములన్నీ బంద్. గట్టు పక్కనే పొట్ట మీదున్న వరి. ఒక పెద్దాయన పొలం బీటలోకి అరచెయ్యి దూర్చి చూపించాడు. ‘‘ఒక్క తడి ఇయ్యి సారూ, గింజ పాలు పోసుకుంటది.’’ ఈ దశలో తడి తప్పితే తాలే మిగులుతుందని నాకు తెలుసు. ఆ ఒక్క తూము ఎత్తితే కిందోళ్లంతా ఎత్తుతారని ఆయనకూ తెలుసు. ఎత్తలేదు. పక్క రైతు బోరు నుంచి పైపు వేయించేలా మాట్లాడితే సగం మడి నిలబడింది.

ఆయన నారు పోసే నాటికే సాగర్‌లో ఎన్ని టీఎంసీలున్నాయో మా దగ్గర లెక్క ఉంది. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. తాగునీళ్లు తీసేస్తే ఎన్ని తడులు వస్తాయో కట్టడం పెద్ద విద్యేం కాదు. నీళ్లు లేవని చెప్పడానికి నాయకులు జంకుతారు, పైనుంచి మాట రాందే మేం నోరు తెరవం. ఈలోగా ఊళ్లల్లో నార్లు పోసేస్తారు. ఏ తూముకు ఎన్ని తడులో, ఏ తేదీల్లోనో అంతకుముందే దండోరా వేయించాలి. పెసర, మినుము, నువ్వు లాంటి ఆరుతడి పంటల విత్తనం కూడా అప్పటికే ఊళ్లో ఉండాలి. నాట్లు పడ్డాక రైతుకు చెప్పే సలహా ఏదీ పనికిరాదు, ఇక మా చేతుల్లో ఉండేది తాళం ఒక్కటే.