లారీ వెనకాల

పోయినేడు నాకో పిచ్చి పట్టింది. మా నాన్న మారుతి 800కి టర్బో ఇంజిన్ ఎక్కించాలని.

కారు 1997 మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్, నాలుగు గేర్లు. హార్స్‌పవర్ నలభైకి కాస్త అటూ ఇటూ. చలికాలం పొద్దున్నే చోక్ లాగితే గానీ లేచేది కాదు. ఏసీ ఉండేది, కానీ లారీని దాటాలంటే ముందు ఏసీ ఆపాలి. ఆ కార్లో తిరిగిన ఇళ్ళన్నిటికీ తెలిసిన విద్యే ఇది.

నాకు పదేళ్ళప్పుడు నందిగామ నుంచి విజయవాడ వస్తున్నాం. ముందు ఇసుక లారీ. నాన్న ఏసీ ఆపారు, మూడో గేర్లోకి దించారు, పక్కకి తీశారు. లారీ సగం దాకా వెళ్ళాం. ఎదురుగా బస్సు. కారు గింజుకుంటోంది తప్ప కదలడం లేదు. నాన్న బ్రేక్ వేసి మళ్ళీ లారీ వెనక్కి వచ్చేశారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా నాన్న ఓడిపోయారని నాకు అనిపించడం అదే మొదటిసారి. సిగ్గేసింది కూడా. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు పోలేదు.

ఇలా పాత చిన్న కారుకి కొత్త గుండె పెట్టడం లోకంలో కొత్తేమీ కాదు. దీనికి పెట్టింది పేరు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్. 1976లో వచ్చిన మొదటి జీటీఐలో 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్. తొంభైల్లో అదే కంపెనీ సిలిండర్‌కి ఐదు వాల్వులతో 1.8 లీటర్ల టర్బో తెచ్చింది. రెండూ ఒకే ఇంజిన్ వంశానివి కావడంతో కొత్తది పాత గోల్ఫ్‌లో కూర్చోబెట్టడం మరీ కష్టం కాదు. జర్మనీలో అయితే ఇలాంటి మార్పుని ఇంజినీరు పరీక్ష చేసి, బ్రేకులూ అవీ సరిపోతాయనుకుంటే కారు కాగితాల్లోకి ఎక్కించే పద్ధతి ఉంది.

నాకూ ఒక వంశం దొరికింది. 2017లో మారుతి వాళ్ళు బలేనో ఆర్‌ఎస్ అని ఒకటి తెచ్చారు. 998 సీసీ బూస్టర్‌జెట్, అదీ సుజుకీ మూడు సిలిండర్లదే. హార్స్‌పవర్ వంద పైమాటే. టార్క్ 150 న్యూటన్ మీటర్లు, మన 800ది 60 దరిదాపుల్లో. టర్బో చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. పొగగొట్టంలో వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రం తిప్పుతుంది. అదే ఇరుసుకి అటు చివరనున్న చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాల్చొచ్చు. పారేసేదాంట్లోంచి బలం తీయడం! ఇంజినీరింగ్ చదివినవాడికి ఇంతకన్నా అందమైన ఊహ ఏముంటుంది?

ఆటోనగర్లో ఒక మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను. అంతా విని బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు.

"ఎక్కుద్ది బాబూ. ఎక్కంది అంటూ ఏదీ ఉండదు. ఎక్కినాక సంగతి చెప్పు."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు. పాత గేర్‌బాక్స్ ఆ టార్క్ మొయ్యదు, అదీ మార్చాలి. ఇరుసులు కొత్తగా చేయించాలి. మౌంట్లు కోసి వెల్డింగ్ చెయ్యాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ కావాలి, దానికి ముందర చోటు లేదు. పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొట్టే ఇంజిన్, కాబట్టి ట్యాంకు దగ్గర్నుంచి పంపులన్నీ వేరే. ఈసీయూ సంగతి నాకే తెలుసు. అది తన కారు తాళంచెవినీ, తన ఏబీఎస్‌నీ వెతుక్కుంటుంది. అవి కనబడకపోతే అలుగుతుంది. ఇరవయ్యేళ్ళ పాత కోడ్‌లో కొత్త లైబ్రరీ ఇరికించిన ప్రతివాడికీ ఈ అలక తెలుసు.

"సరే, పోద్ది. మరి ఆగుద్దా?" అన్నారు చివరికి.

ఆ రాత్రి లెక్క వేశాను. వేగం ఎనభై నుంచి నూట ఇరవైకి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. అది మింగాల్సింది పన్నెండు అంగుళాల చక్రాల్లో పట్టే బుల్లి బ్రేకులు. చక్రాలు పెంచితే సస్పెన్షన్ మార్చాలి, అది మారిస్తే బాడీకి బలం చెయ్యాలి. ఆఖరికి నాన్న కార్లో నాన్నదంటూ మిగిలేది నంబర్ ప్లేటే.

ఆ నంబరుకీ దిక్కు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. ఇలా మార్చిన కారుతో ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమంటారో ఊహించుకోవచ్చు. మా కారుకి 2027లో మళ్ళీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పుస్తకాల దగ్గర నేను పరమ ఛాందసుణ్ణి. పాత నవలని ఈ కాలానికి తగ్గట్టు "వేగంగా చదివించేలా" కుదించి వేస్తే, ఆ నిదానమే దాని ప్రాణం అని రెండు పేజీలు తిట్టిపోసిన వాణ్ణి. మరి అదే మనిషి గరాజ్‌లోకి వచ్చేసరికి గొడ్డలి పట్టుకున్నాడేం? నవలలో నా సిగ్గు లేదు, కార్లో ఉంది. అందుకే అనుకుంటా. నేను బాగుచేయాలనుకున్నది ఇంజిన్‌ని కాదు, ఆ మధ్యాహ్నాన్ని.

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, ఆ లారీ గుర్తుందా అని. ఆయనకిప్పుడు డెబ్బై రెండు. కారు నడపడం మానేసి మూడేళ్ళయింది. అయినా ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి పది నిమిషాలు అందులో కూర్చుంటారు.

"ఏ లారీరా?" అన్నారు. కాసేపు ఆలోచించి, "రోజుకి నాలుగింటి వెనకాల తగ్గేవాణ్ణి. వెనక మీరిద్దరూ, మీ అమ్మా. ఏదని గుర్తు పెట్టుకోను?" అన్నారు.

ఇరవై ఏడేళ్ళుగా నేను మోస్తున్నది ఆయన దగ్గర అసలు లేనే లేదు.

మేస్త్రి గారు పాత ఇంజిన్నే విప్పి రింగులు మార్చారు, కార్బురేటర్ కడిగారు. పోయిన వారం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని నందిగామ దాకా వెళ్ళొచ్చాను. దారిలో లారీ అడ్డొచ్చింది. నా చెయ్యి ఏసీ మీటకేసి వెళ్ళింది.

"ఉండనీరా, ఉక్కగా ఉంది" అన్నారు నాన్న.

లారీ వెనకాలే వెళ్ళాం.