పై బల్ల, కింది బల్ల

29 జనవరి 2019, మంగళవారం. ఇబ్రహీంపట్నం

పొద్దున బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే టీవీ అడుగున అక్షరాలు పరుగెత్తాయి. జార్జి ఫెర్నాండెజ్ ఇక లేరు. వయసు 88. హోటల్లో ఎవరూ తలెత్తలేదు. అందరి నోటా రేపటి మూడో విడత పంచాయతీ పోలింగే. నా గ్లాసు మాత్రం చేతిలోనే చల్లారింది. మా నాయిన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆ పేరు మా ఇంట్లో చుట్టాల పేరులా వినపడేది.

అదే రోజు, రాత్రి

రేపటి పేపర్లలో కార్మిక నాయకుడని, రక్షణ మంత్రి అని రాస్తారు. నా కళ్ల ముందు నిలిచేది మాత్రం సెమినరీ కుర్రాడు. మంగళూరు క్యాథలిక్ కుటుంబం, ఆరుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. 1946లో, పదహారేళ్లప్పుడు, ఫాదర్ కావాలని బెంగళూరు సెయింట్ పీటర్స్ సెమినరీకి పంపారు. రెండున్నరేళ్లకు బయటికి వచ్చేశాడు. భోజనాల గదిలో రెక్టార్లకు ఎత్తైన బల్ల, మంచి తిండి. విద్యార్థులకు కింది బల్ల, వేరే తిండి. అది సహించలేకపోయాడు. తర్వాత బొంబాయి, చౌపాటీ బెంచీల మీద నిద్ర, రేవు కార్మికుల సంఘాలు.

సెమినరీలో నేర్చిన లాటిన్‌తో కలిపి ఆయనకు పది భాషలు వచ్చంటారు. ఆ జాబితాలో తెలుగు లేదు. తమిళం, కన్నడం, మలయాళం, తుళు అన్నీ ఉండి మనది ఒక్కటే లేకపోవడం చూస్తే చిన్నపిల్లాడిలా ఉక్రోషం వస్తుంది.

30 జనవరి

రైల్వే సమ్మె, 1974 మే 8 నుంచి 27 వరకు. ఇరవై రోజులు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడిగా ఆయన పిలుపిచ్చారు. దాదాపు 17 లక్షల మంది పని ఆపారు. మా ఇంట్లో పూటపూటా జొన్న గటక, పచ్చిపులుసు. నాయిన తన గిన్నెలోది సగం మా ముగ్గురికి పంచి, "నాకు ఆకలైతలేదు" అనేవాడు. సమ్మె ఓడిపోయింది. అప్పుడడిగిన బోనస్ అయిదేళ్ల తర్వాత వచ్చింది. ఆ డబ్బుతో నాయిన కొన్నది స్టీలు కంచాలు. అయిదూ ఒకే సైజువి.

1 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న ఢిల్లీలో దహనం చేశారు, ఇవాళ అస్థికలను క్రైస్తవ శ్మశానంలో ఉంచారు. రెండూ ఆయన కోరినవేనట.

సాయంత్రం పెద్ద చెరువు కట్ట మీద రిటైర్డ్ హవల్దార్ కలిశాడు. కుతుబ్‌షాహీల నాటి చెరువు, ఇప్పుడు అడుగున నెర్రెలు. మా ఊరి చుట్టూ రక్షణశాఖ, కేంద్ర బలగాల ప్రహరీలు లేచాయి. ఒక దిక్కు భారత్ డైనమిక్స్, ఇంకో దిక్కు ఎన్‌ఎస్‌జీ. ఆ గోడల మాట మీదే ఆయన సియాచిన్ ముచ్చట ఎత్తాడు.

"నారింజపండు కత్తికి తెగదు సార్, సుత్తె పెట్టి కొట్టాలె. కిరోసిన్ స్టవ్వు ఆరిందా, మనిషి ఆరినట్టే."

1998లో రక్షణ మంత్రి అయ్యాక ఫెర్నాండెజ్ ఆ మంచుకొండకు పదేపదే వెళ్లారు. పద్దెనిమిదిసార్లని పత్రికలు రాశాయి. అక్కడి జవాన్లకు మంచు మీద నడిచే స్కూటర్లు కావాలి. ఢిల్లీలో ఫైలు కదలదు. ఆ ఫైలు ఆపిన అధికారులనే సియాచిన్ వెళ్లి కొన్నాళ్లు ఉండి రమ్మన్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు బెంగళూరు భోజనాల గదే గుర్తొస్తుంది. పై బల్ల వాళ్లను కింది బల్లకు పంపించాడు.

హవల్దార్ ఇంకేం అనలేదు. కట్ట దిగేదాకా చేతులు రుద్దుకుంటూనే నడిచాడు. చలి ఏమంత లేదు.

3 ఫిబ్రవరి, ఆదివారం

అభిమానం ఉంది కదా అని అన్నీ మింగలేను. 1979 జులైలో, తాను మంత్రిగా ఉన్న మొరార్జీ దేశాయ్ ప్రభుత్వాన్ని లోక్‌సభలో గట్టిగా సమర్థించి, వెంటనే రాజీనామా చేయడం నాకు అర్థం కాలేదు. 2002లో గుజరాత్ అల్లర్ల మీద ఆయన అన్న మాటలు ఇప్పటికీ గొంతులో ముల్లే. అణుబాంబును వ్యతిరేకించిన మనిషి పోఖ్రాన్ అణుపరీక్షలను వెనకేసుకొచ్చారు.

కార్గిల్ జవాన్ల శవపేటికల కొనుగోలులో అవినీతి అన్న ఆరోపణ మాత్రం వేరే సంగతి. 2009 సీబీఐ అభియోగపత్రంలో ఆయన పేరు లేదు. అప్పటికే మతిమరుపు జబ్బు ఆయన్ను లోపలికి లాక్కుపోతోంది. ఆ వార్త అందినా, తనకెంత పెద్ద వార్తో తెలిసిందో లేదో.

కార్గిల్‌లో 1999 జూన్ 28న మన హైదరాబాద్ కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్య ప్రాణం ఇచ్చాడు. తర్వాత మహావీర చక్ర వచ్చింది. శవపేటిక అన్న మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది అతనే.

5 ఫిబ్రవరి

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"సమ్మె జేయించిన సారేనా? పోయిండా?"

"అవునమ్మా. పదేండ్లు మంచంలోనే ఉన్నడు. ఎవర్నీ గుర్తుపట్టలేదంట."

కాసేపు ఏమీ వినపడలేదు.

"మరి ఆఖర్ల అన్నం ఎవరు తినిపిచ్చిన్రు బిడ్డా?"

చానా ఏండ్లు దూరముండి, 2010లో తిరిగొచ్చిన భార్య చూసుకుందని చెప్పాను.

"గట్లనా," అంది. నేను తిన్నానా అని అడిగింది.