మూడు తలుపుల లెక్క

గడచిన శనివారము రాత్రి మా యింట నొక లెక్కను గూర్చి వాదము పుట్టి, పలహారమునకై చేసిన దిబ్బరొట్టె చల్లారిపోయినది.

ఆ లెక్క అమెరికా దేశపుది. అచ్చట 1963లో ఆరంభమైన 'లెట్స్ మేక్ ఎ డీల్' అను టెలివిజను వినోదమును మాంటీ హాల్ అను నాతడు నడిపెను. దానినిబట్టి స్టీవ్ సెల్విన్ అను గణాంకశాస్త్రజ్ఞుడు 1975లో మూడు పెట్టెల చిక్కు నొకదానిని కల్పించెను. తరువాత పెట్టెలు తలుపులైనవి. ఒక తలుపు వెనుక మోటారుకారు, తక్కిన రెంటి వెనుక మేకలు. మీరొక తలుపు కోరుకొందురు. ఎచ్చట నేమున్నదో యెరిగిన నిర్వాహకుడు, మీరు కోరనివానిలో మేకయున్న తలుపొకటి తెరచి, "కోరిక మార్చుకొందురా?" యని యడుగును. మార్చుకొనుట మేలా?

"మిగిలినవి రెండే గదా, సగము సగము" అని మేమంటిమి. మావారును అట్లే యనిరి. బడిలో లెక్కలు చెప్పువారు గనుక వారి సగము మా సగముకంటె గట్టిగా వినబడెను.

కాని 1990లో మెరిలిన్ వాస్ సావంత్ అను నామె, 'పెరేడ్' పత్రికలో తాను నడుపు శీర్షికయందు, మార్చుకొన్నచో మూడింట రెండుపాళ్లు గెలుపని వ్రాసెను. దానికి సుమారు 10,000 జాబులు వచ్చెను. ఇంచుమించు 1,000 డాక్టరేటు పట్టము గలవారివే! ఆమెది తప్పన్నవారే మెండు. ఆడువారు లెక్కలను వేరుగా చూతురేమో యని యెత్తిపొడిచినవాడును కలడు. పాల్ ఎర్డోష్ అంతటి మహాగణితజ్ఞుడు సయితము కంప్యూటరుతో చేసి చూపువరకు నమ్మలేదు. ఇది చదివిన పిదప మాకు నిద్రపట్టలేదు. ఆమెను నిందించినవారితో మేమును చేయి కలిపితిమి గదా!

ఆదివారము వంట ముగించి మూడు ఇత్తడి గ్లాసులు బోర్లించితిమి. మా పెద్దమ్మాయి ఒకదానిక్రింద చింతగింజ దాచును; మావారు ఒక గ్లాసు కోరుదురు; అమ్మాయి తక్కినవానిలో వట్టిదానిని ఎత్తిచూపును. ముప్పదిమార్లు ఆడగా, తొలి కోరికక్రింద గింజ 9 మార్లే యుండెను. 21 మార్లు రెండవదానిక్రింద దొరకెను.

కారణ మిది. తొలుత కోరినపుడు గెలుపు మూడింట నొకపాలు. తక్కిన రెండుపాళ్లు కోరనివానియందున్నవి. అమ్మాయి యెరిగియే వట్టిది ఎత్తుటచే మన తొలి కోరికకు బలమేమియు పెరుగలేదు; ఆ రెండుపాళ్లును మిగిలిన యొక్క గ్లాసునకే చేరినవి. నూరు గ్లాసులుంచి, మీరొకటి కోరగా, తెలిసినవారు తొంబదియెనిమిది వట్టివి ఎత్తివేసిరనుకొనుడు. అప్పుడు మార్చుకొననివా రుందురా? ఉందురేమో! మార్చుకొని యోడిన దుఃఖము ఊరక యోడినదానికంటె నెక్కువ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనుట అందుకే కాబోలు.

మావారు కొంతసే పాలోచించి, "ఎత్తువాడు ఎరుగకపోయిన నేమగును?" అనిరి. మంచి ప్రశ్నయే. ఈమారు మా చిన్నవానిచేత ఎత్తించితిమి. వాడు గుడ్డిగా ఎత్తుటచే కొన్నిమార్లు గింజయే బయటపడెను. ఆ యాటలను విడిచిపెట్టి లెక్కింపగా, మార్చినను మానినను ఇంచుమించు సమానమే. తెరచిన తలుపు ఒక్కటే యైనను, తెరచువాని యెరుకనుబట్టి ఫలము మారుచున్నది. తమ సగమునకును చోటు దొరకినదని మావారు సంతసించిరి. మేమును కాదనలేదు.

సోమవారము వారు గ్లాసులను సంచిలో పెట్టుకొని బడికి పోయిరి. సాయంకాలమునకు రెండే తిరిగివచ్చినవి. మూడవది ఏ తరగతిలో నున్నదో యింతవరకు తెలియలేదు.