నిశ్శబ్దంలో ఒక గంట

డెన్మార్క్ దేశపు రేవుపట్టణమైన ఆర్హుస్‌లో 2015లో డొక్ 1 అనే పౌర గ్రంథాలయాన్ని ప్రారంభించారు. అందులో సుమారు 3 టన్నుల బరువైన కంచు గొట్టమొకటి వేలాడుతూ ఉంటుంది. అది కిర్‌స్టినె రోప్‌స్టార్ఫ్ అనే కళాకారిణి రూపకల్పన. నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులు అక్కడ మీట నొక్కితే ఇక్కడ గంట మోగేటట్లు ఏర్పాటు చేశారు. పుట్టినది ఎవరి బిడ్డో వినేవారికి తెలియదు. అయినా పుస్తకంలోంచి తలెత్తి, పక్కన కూర్చున్న అపరిచితునితో ఒక మాట కలపడానికి సాకు దొరుకుతుంది.

గ్రంథాలయ భవనాలను గురించి ఒక నివేదిక తయారుచేస్తూ ఈ సంగతి చదివాను. చదివిన తరువాత చాలాసేపు కలం ముందుకు సాగలేదు.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కోస్తా జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయాన్ని తనిఖీ చేశాను. వరండాలో బల్ల మీద కూర్చుని ఒక వృద్ధుడు దినపత్రికను బిగ్గరగా చదువుతున్నాడు. చుట్టూ ఐదారుగురు, చదువు రానివారు కొందరు, చూపు ఆననివారు కొందరు. ఆయన ఒక వార్త చదవడం, వీరు దాని మీద వాదించుకోవడం, అంతలో లోపలి కుర్రవాడొకడు వచ్చి తన మాట కలపడం. నాకు అది క్రమశిక్షణా లోపంగా కనిపించింది. 'నిశ్శబ్దం పాటించండి' అని ఒక పలక రాయించి వేలాడదీయమన్నాను. ఆ ఖర్చు మంజూరు చేసినవాడినీ నేనే.

చరిత్ర చదివినవాడిని కనుక నాకు ఈ మాత్రం తెలిసి ఉండవలసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పడవలో పుస్తకాలు నడిపించారు. అక్షరం రానివారికి చదివి వినిపించడం ఆనాటి గ్రంథాలయోద్యమకారుల పనులలో ఒకటి. ఆ ఉద్యమం గురించి పరీక్షలో పుటలకొద్దీ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. వరండాలో అదే ఎదురైతే గుర్తుపట్టలేదు.

మరుసటి తనిఖీకి వెళ్లేసరికి బల్ల ఖాళీగా ఉన్నది. "వారంతా టీ కొట్టుకు మారారండి. పెద్దాయన మాత్రం అక్కడికి కూడా రావడం లేదు," అన్నారు గ్రంథపాలకుడు. ఆయన స్వరంలో ఫిర్యాదు లేదు. హాజరు పట్టికలో సంతకాలు సగానికి తగ్గాయి. కారణాల గడిలో నేను 'పాఠకాసక్తి లోపించుట' అని రాశాను.

ఆర్హుస్ గంటకు అయిన ఖర్చు మన శాఖా గ్రంథాలయాలకు ఊహకైనా అందదు. మన వరండాలో ఆ పని ఒక పాత బల్ల, ఒక పెద్ద గొంతు చేస్తూ వచ్చాయి.

ఈ మధ్య అటు వెళ్లవలసి వచ్చి ఆ గ్రంథాలయంలో అడుగుపెట్టాను. పలక రంగు వెలిసింది కాని అక్షరాలు చెదరలేదు. కొత్తగా వచ్చిన గ్రంథపాలకురాలు పుస్తకం ముందుకు జరిపి, సంతకం చేయమని గుసగుసగా అడిగారు. గదిలో మరెవరూ లేరు. నేను కూడా గుసగుసగానే నా పేరు చెప్పాను.